నోటికి కావలి ఆచరణలో ఎలా? ఇంట్లో, సంఘంలో, వాట్సాప్ గ్రూపులో

ప్రశ్న: వాక్య విద్యార్థి

అందరికీ వందనాలు.

చెడు మాట నోట రానివ్వవద్దనే ఎఫెసీ 4:29 మీద, నాలుక గురించి చెప్పే యాకోబు పత్రిక మూడో అధ్యాయం మీద ప్రసంగాలకు కొదవ లేదు. నాలుక నిప్పు అని చిన్న పిల్లలు కూడా కంఠతా చెబుతారు. కానీ ఆదివారం విన్నది సోమవారం పొద్దున ఎలా పాటించాలో చెప్పేవాళ్ళు తక్కువ. వాక్యాలు తెలిసినవాళ్ళ దగ్గర ఆచరణ పద్ధతి తెలుసుకుందామని అడుగుతున్నాను.

నాకు మూడు చోట్ల స్పష్టత కావాలి. ఒకటి, కోపంలో మాట జారడం. బయటివాళ్ళ దగ్గర అదుపులో ఉండే నోరు ఇంట్లో వాళ్ళ దగ్గరే అదుపు తప్పుతుంది. రెండు, ప్రార్థన అంశం పేరుతో ఇంకొకరి ఇంటి సంగతులు గ్రూపుల్లో తిరగడం. "పేరు చెప్పను గానీ" అంటూనే అందరికీ అర్థమయ్యేలా చెప్పేస్తారు. మూడు, తప్పు ఎత్తిచూపాల్సి వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి? మెత్తగా చెబితే పట్టించుకోరు, గట్టిగా చెబితే మనసు విరిగిపోతుంది. "ప్రేమ కలిగి సత్యము" అని పౌలు అన్నాడు, ఆ రెండూ ఒకే వాక్యంలో ఎలా పడతాయి?

దయచేసి "ప్రార్థన చేయండి, ఆయనే చూసుకుంటాడు" అని మాత్రం రాయకండి. ప్రార్థన చేస్తూనే అడుగుతున్నాను.

---

బైబిల్ క్లాసు మాస్టారు

బ్రదర్, మీ మొదటి ప్రశ్నకు మాత్రం రాస్తాను.

మాట జారే క్షణంలో మనం చేయగలిగింది చాలా తక్కువ. పనంతా ముందే జరగాలి. "ఇకమీదట ఎవర్నీ నొప్పించను" అన్న తీర్మానం నిలవదు, ఎందుకంటే అందులో ఏ పూట, ఎవరితో, ఏ విషయం అన్నది లేదు. ముందు అవి రాసుకోండి. చాలా ఇళ్ళలో తేలేవి కొన్నే: పొద్దున స్కూలు బస్సు వచ్చే ముందు పిల్లల మీద, ఆఫీసు నుంచి రాగానే భార్యతోనో భర్తతోనో, నెలాఖరున ఖర్చుల లెక్క దగ్గర, పుట్టింటి నుంచో అత్తింటి నుంచో ఫోను వచ్చాక. వీటిలో ఒక్కదాన్ని పట్టుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ సాగదు.

ఎంచుకున్న సందర్భానికి మాట ముందే సిద్ధం చేసుకోండి. బస్సు వేళకి "ఎన్నిసార్లు చెప్పాలిరా మొద్దు వెధవా" అని వచ్చేస్తుంది కదా, దాని బదులు "బూట్లు వేసుకో నాన్నా, పది నిమిషాలే ఉంది" అని అనాలనుకోండి, అంతే. చేయాల్సిన పనిని చెప్పండి, పిల్లాడికి పేరు పెట్టకండి. ఇంకో మెట్టు వెనక్కి వెళ్తే అసలు కారణం రాత్రి బ్యాగు సర్దకపోవడం, సాక్సులు దొరకకపోవడం. అలాంటప్పుడు రాత్రి తొమ్మిదింటికి బ్యాగు సర్దించడమే నాలుకకు మీరిచ్చే శిక్షణ. ఇది భక్తి సాధనలా కనబడదు గానీ, కోపానికి వంటచెరకు అందకుండా చేయడం అంటే ఇదే.

కోపం వచ్చేసిందనుకోండి. యాకోబు 1:19లో ఒక వరస ఉంది: వినడానికి వేగం, మాట్లాడటానికి నిదానం, కోపానికి నిదానం. ఆ వరస తప్పకండి. అవతలివాళ్ళు అన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి "ఇదేనా నువ్వన్నది?" అని అడగండి. కాదంటే మళ్ళీ వినండి. సంగతి వినకముందే జవాబిచ్చేవాడి గురించి సామెతలు 18:13 చెప్పేది ఇదే. చాలాసార్లు మనం జవాబిస్తున్నది వాళ్ళు అసలు అనని మాటకు.

అప్పటికీ గొంతు పెరుగుతుంటే ఆగండి, కానీ చెప్పి ఆగండి. "ఇప్పుడు మాట్లాడితే తప్పుగా మాట్లాడతాను, అరగంటాగి కూర్చుందాం" అని చెప్పి లేవాలి, అరగంటకి తిరిగి రావాలి. చెప్పకుండా లేచిపోయి రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరగడం శాంతం కాదు, మాట్లాడకుండానే కొట్టడం. "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న వాక్యాన్ని పట్టుకుని రాత్రి పదకొండింటికి నిద్రకళ్ళతో తేల్చుకోవాలని కూర్చునేవాళ్ళూ ఉన్నారు. అలసిన మనిషికి ఓపిక ఉండదు, గొడవ ఇంకా ముదురుతుంది. "నీమీద పగ లేదు, రేపు టిఫిన్ అయ్యాక మాట్లాడుకుందాం" అని నిజంగా అనగలిగితే ఆ రాత్రికి ఆ ఆజ్ఞ పాటించినట్టే.

ఇంకొకటి. "నువ్వెప్పుడూ ఇంతే", "ఒక్కరోజైనా చేశావా", "మీ వంశమే అంత". ఇవి కటువుగా ఉండటం ఒక్కటే దోషం కాదు, ఇవి అబద్ధాలు. ఒక్కరోజైనా చేసే ఉంటారు. అబద్ధసాక్ష్యం వద్దన్న ఆజ్ఞ వంటింట్లోనూ వర్తిస్తుంది. ఒక రోజు, ఒక సంఘటన, అంతవరకే మాట్లాడండి. పుట్టింటి ఊసు ఎత్తకండి. నొప్పించి "ఊరికే సరదాకన్నాను" అనేవాడిని సామెతలు 26:18-19 నిప్పు కొరవులు విసిరే వెర్రివాడితో పోల్చింది. నలుగురిలో భార్య వంట మీద, భర్త జీతం మీద వేసే జోకులు ఆ లెక్కలోకే వస్తాయి.

---

విజయవాడ విచారణ (కతోలిక స్థానిక సంఘం)

మాస్టారు గారు ఒక్క సందర్భాన్నే పట్టుకోమన్నారు. దానికి కతోలిక సంప్రదాయంలో చాలా పాత పద్ధతి ఒకటుంది, ఏ సంఘంవారైనా వాడుకోవచ్చు. యేసు సభ స్థాపకుడు పునీత లొయోలా ఇగ్నేషియస్ 1548లో అచ్చయిన తన "ఆధ్యాత్మిక సాధనలు" పుస్తకంలో దీన్ని వివరంగా రాశారు. దీన్ని ప్రత్యేక ఆత్మశోధన అనుకోవచ్చు.

ఎలాగంటే, ఒకే ఒక్క లోపం తీసుకోవాలి. ఉదాహరణకు "ఎదుటివాళ్ళ మాట మధ్యలో తుంచడం". పొద్దున లేవగానే ఈ రోజు దీని విషయంలో జాగ్రత్తగా ఉంటానని నిశ్చయించుకోవాలి. మధ్యాహ్నం భోజనం అయ్యాక, లేచిన దగ్గర్నుంచి అప్పటిదాకా గంట గంటా వెనక్కి చూసుకుని, ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు కాగితం మీద గీసిన మొదటి గీత మీద పెట్టాలి. రాత్రి భోజనం తర్వాత మిగతా సగం రోజును అలాగే చూసుకుని రెండో గీత మీద చుక్కలు పెట్టాలి. రోజుకు రెండు గీతలు, వారానికి ఏడు జతలు. రాత్రి రెండు గీతలను, తర్వాత నిన్నటితో ఈ రోజును, పోయిన వారంతో ఈ వారాన్ని పోల్చుకోవాలి. పగలు జారిన క్షణంలోనే గుండె మీద చేయి వేసుకుని నొచ్చుకోమన్నారు ఆయన. నలుగురిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయగలిగిన పని అది.

ఎక్కడ చెడుతుందంటే, మొదటి వారం చుక్కలు పెరుగుతాయి. పాపం పెరిగినందుకు కాదు, ఇంతకాలం కనబడనిది కనబడుతున్నందుకు. అది చూసి చాలామంది మానేస్తారు. మానకూడదు. ఒక లోపం సద్దుమణిగేదాకా రెండోదాని జోలికి పోకూడదు. అయితే, ప్రతి చిన్న మాటకూ "ఇది పాపమా, అది పాపమా" అని రాత్రంతా నలిగిపోయే స్వభావం ఉన్నవాళ్ళు ఈ చుక్కల లెక్క పెట్టుకోకపోవడమే మంచిది. వాళ్ళు గురువుగారితో (ఫాదర్‌తో) మాట్లాడి ఆయన చెప్పినట్టు నడవాలి.

మీ రెండో ప్రశ్నకు ఒక్క తేడా చెప్పి ఆపేస్తాను, దాన్ని గుర్తించకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం 2477వ పేరాలో మూడు దోషాలను విడివిడిగా చెప్పారు. సరైన ఆధారం లేకుండా పొరుగువాడు తప్పు చేశాడని మనసులో నమ్మేయడం ఒకటి. తగిన కారణం లేకుండా ఒకరి నిజమైన తప్పులను అవి తెలియనివాళ్ళకు చెప్పడం రెండోది. అబద్ధాలతో పరువు తీయడం మూడోది. మన జనం మూడోదాన్నే పాపం అనుకుంటారు. "ఉన్నదే చెప్పాను, అబద్ధమా?" అంటారు. నిజమైనా సరే, వినేవాడికి దానితో పని లేకపోతే చెప్పడం తప్పే. పైగా తీసిన పరువును సరిచేసే బాధ్యత కూడా తీసినవాడిదేనని 2487వ పేరా చెబుతుంది. పాపసంకీర్తనంతో, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంతో, ఆ బాధ్యత తీరిపోదు. ఎవరెవరి దగ్గర అన్నామో వాళ్ళ దగ్గరకు వెళ్ళి సరిచేయాలి.

(అబద్ధసాక్ష్యం వద్దన్న ఈ ఆజ్ఞ పది ఆజ్ఞల్లో మాకూ లూథరన్లకూ ఎనిమిదోది, బాప్టిస్టులకూ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారికీ తొమ్మిదోది. చర్చలో అంకెలు వేరుగా కనిపిస్తే కంగారు పడకండి, ఆజ్ఞ ఒకటే.)

---

స్త్రీల సమాజం, గుంటూరు

విచారణ బ్రదర్ చెప్పినదానికి కొనసాగింపుగా ప్రార్థన గ్రూపుల గురించి రాస్తున్నాను.

మా లూథరన్ సంఘాల్లో నిర్ధారణ (కన్ఫర్మేషన్) తరగతిలో నేర్పే చిన్న ప్రశ్నోత్తరాలను మార్టిన్ లూథరు 1529లో రాశారు. ఈ ఆజ్ఞకు ఆయనిచ్చిన వివరణ సగం "చేయకూడదు", సగం "చేయాలి". పొరుగువాడి గురించి అబద్ధమాడకూడదు, అతని గుట్టు బయటపెట్టకూడదు, పేరు చెడగొట్టకూడదు. అంతటితో ఆగలేదు. అతని తరఫున మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదాన్ని వీలైనంత మంచి అర్థంలోనే తీసుకోవాలి. ఈ రెండో సగమే గ్రూపుల్లో కనబడదు.

ప్రార్థన అంశం పంపే ముందు ఆ మనిషినే అడగాలి: "మీ గురించి గ్రూపులో పెట్టమంటారా? ఎంతవరకు చెప్పమంటారు?" వాళ్ళు ఒప్పుకున్నంతే, వాళ్ళ మాటల్లోనే పెట్టాలి. అడిగే వీలు లేకపోతే పెట్టకూడదు, మీరొక్కరే మోకరించి ప్రార్థించాలి. "మన సంఘంలోనే, ట్యాంకు పక్క వీధిలో ఒక కుటుంబం, కోడలు పుట్టింటికి వెళ్ళిపోయి నెలయింది, ప్రార్థించండి" అని పెడితే పేరు పెట్టనట్టా? "ఒక కుటుంబంలో సమాధానం కోసం ప్రార్థించండి" అంటే చాలు. మనం అడగకముందే మన అక్కరలు తండ్రికి తెలుసని ప్రభువే అన్నారు (మత్తయి 6:8). వీధి పేరు ఆయనకు మనం చెప్పక్కర్లేదు.

జబ్బుల విషయంలో ఇంకా జాగ్రత్త. స్కానింగ్ రిపోర్టుల ఫొటోలు, ఆసుపత్రి మంచం మీద మనిషి ఫొటోలు వాళ్ళ అనుమతి లేకుండా పెట్టకండి. గర్భస్రావం, పిల్లలు లేకపోవడం, మానసిక వైద్యం, మద్యం లాంటివి అసలే వద్దు. హెచ్ఐవీ సంగతైతే, నమ్మకంతో మనకు చెప్పినదాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టమే నిషేధించింది.

గ్రూపు నడిపేవాళ్ళకు: సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే పంపేలా పెట్టి, అంశాలన్నీ ముందు ఒక అడ్మిన్‌కి విడిగా వచ్చేలా చేయండి. హద్దు దాటిన మెసేజ్ వస్తే అడ్మిన్ దాన్ని అందరికీ తీసేయగలరు. తీసేశాక గ్రూపులో ఎవర్నీ మందలించకండి, పంపినావిడకు ఫోన్ చేసి చెప్పండి. ఎప్పుడు తీసేసినా అప్పటికే స్క్రీన్‌షాట్ తీసినవాళ్ళు ఉండొచ్చు కనుక అసలు రక్షణ పంపకముందే ఉంది.

ఇక ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్ళ సంగతి. ఆరాధన అయ్యాక చెట్టు కింద "నీకు తెలుసా వదినా" అని మొదలవుతుంది. అప్పుడు వాక్యం ఎత్తి ఆమెను సిగ్గుపరచకండి. "ఈ సంగతి ఆవిడతోనే మాట్లాడారా వదినా? కావాలంటే నేనూ తోడొస్తాను" అనండి. నిజంగా బాధ ఉన్నావిడ సరే అంటుంది. కబురు కోసం వచ్చినావిడ మాట మారుస్తుంది. రెండూ మంచివే.

---

సంఘ పెద్ద, ఒంగోలు వైపు

మూడో ప్రశ్నకు. మత్తయి 18:15-17లో మెట్లున్నాయి: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘానికి. మన సంఘాల్లో జరిగేది తలకిందులు. మొదట ఊరంతా తెలుస్తుంది, తర్వాత కమిటీకి వస్తుంది, చివరకు ఆ మనిషికి తెలుస్తుంది. పుల్పిట్ మీంచి పేరు చెప్పకుండా సూటిపోటి మాటలనడం కూడా మొదటి మెట్టు ఎగ్గొట్టడమే. ఆ మనిషి లేచి జవాబు చెప్పలేని చోట అనడం న్యాయం కాదు.

ఒంటరిగా వెళ్ళినప్పుడు ఒక్క విషయమే మాట్లాడండి. మీరు చూసింది, విన్నది చెప్పండి. అతని ఉద్దేశాలు మీకు తెలిసినట్టు మాట్లాడకండి. ఆగి, అతను చెప్పేది వినండి, ఎందుకంటే మీకు తెలియనిది ఉండొచ్చు. వయసులో పెద్దవారైతే 1 తిమోతి 5:1 పద్ధతి వేరుగా ఉంది: గద్దించకుండా, తండ్రిగా భావించి హెచ్చరించాలి.

ఒక నమూనా. కమిటీలో లెక్కల దగ్గర ఒక పెద్దాయన కోశాధికారిని "దొంగ" అన్నాడనుకోండి. మర్నాడు ఇంటికి వెళ్ళి: "అంకుల్, నిన్న మీటింగులో మీరు ఆయన్ని దొంగ అన్నారు. లెక్కలో అనుమానం ఉంటే వోచర్లు, బ్యాంకు పాసుపుస్తకం అడుగుదాం, నేనూ మీతో పాటు అడుగుతాను. కానీ ఆ మాట రుజువు కాలేదు. వచ్చే మీటింగులో మీరే వెనక్కి తీసుకుంటే బాగుంటుంది." ఇందులో మెత్తదనం గొంతులోనూ వరసలోనూ ఉంది. విషయంలో ఎక్కడా మెత్తబడలేదు. మెత్తగా చెబితే పట్టించుకోరని మీరన్నది చాలాసార్లు ఇందుకే జరుగుతుంది: మనం గొంతుతో పాటు విషయాన్ని కూడా నీళ్ళు చేస్తాం. "ఏదో కొంచెం చూసుకోండి అంకుల్" అంటే దేని గురించో ఆయనకు అర్థం కాదు.

---

వాక్య విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. చుక్కల పద్ధతి కొత్తగా తెలిసింది. ఒక అనుమానం మిగిలింది. ముందు ఒంటరిగా వెళ్ళాలన్నారు. భార్యను కొట్టే మనిషి, పిల్లల మీద చెయ్యి వేసే మనిషి విషయంలోనూ అంతేనా? "సంఘం పరువు" అంటూ దాచమనేవాళ్ళు, ప్రేమను కోరేవాడు తప్పిదాలు దాచిపెడతాడనే సామెతలు 17:9 చూపిస్తున్నారు.

---

కుటుంబ సలహాదారు

కాదు. ఇక్కడ పొరపాటు పడితే ఒక ప్రాణం నలిగిపోతుంది కాబట్టి సూటిగా రాస్తున్నాను.

మత్తయి 18లో చెప్పింది "నీ సహోదరుడు నీయెడల తప్పిదము చేసినయెడల" ఏం చేయాలన్నది. దెబ్బలు తిన్న ఆమెను, వేధింపుకు గురైన బిడ్డను ఆ మనిషి దగ్గరకు ఒంటరిగా పంపడానికి ఆ వాక్యాన్ని వాడకూడదు. సామెతలు 17:9 క్షమించిన తప్పును మళ్ళీ మళ్ళీ తవ్వవద్దంటోంది. జరుగుతున్న హింసకు ముసుగు కప్పమనడం లేదు. అదే సామెతల గ్రంథం 31:8లో దిక్కులేనివారి కోసం నోరు తెరవమంది.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు తెలియజేయాల్సిందేనని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. పాస్టరుగారికి గాని, సండే స్కూలు టీచరుకు గాని మినహాయింపు లేదు. పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, వెంటనే ప్రమాదం ఉంటే 112. ఇంట్లో హింసకు 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి దగ్గరకు వెళ్ళొచ్చు.

జాగ్రత్తగా మాట్లాడటం ఇక్కడా అవసరమే, కాకపోతే దాని తీరు వేరు. బిడ్డ చెప్పినప్పుడు "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. "నువ్వు చెప్పడం మంచి పని, తప్పు నీది కాదు" అనండి. గుచ్చి గుచ్చి అడగకండి. మీరు అందించిన మాటలు బిడ్డ నోట్లోకి వచ్చేస్తే తర్వాత విచారణలో చిక్కు వస్తుంది. బిడ్డ ఏ మాటలన్నాడో ఆ మాటలే, తేదీ వేసి రాసి ఉంచండి. బిడ్డ పేరు, స్కూలు, ఫొటో ఏ గ్రూపులోనూ, ప్రార్థన కోసమైనా సరే, పెట్టకండి. ఆ ఇంటి తల్లితో "నీ ప్రార్థన తక్కువైంది" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు.

---

బైబిల్ క్లాసు మాస్టారు

ఆ చివరి మాట చూశాక ఒకటి చేర్చాలనిపించింది. చావు ఇంటికి, ఆదరణ కూడికకు వెళ్ళేవాళ్ళు యోబు 2:13 చదువుకుని వెళ్ళాలి. ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతనితో కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మేలంతా ఆ వారంలోనే ఉంది. నోరు విప్పి కారణాలు వెతకడం మొదలుపెట్టాక, చివరికి దేవుడే వాళ్ళ మీద కోపగించాడు (42:7). "దేవుడు ఎక్కువగా ప్రేమించాడు కాబట్టి తీసుకెళ్ళాడు", "ఇంకో బిడ్డను ఇస్తాడులే" లాంటివి చెప్పకండి. "అక్కా, ఏం మాట్లాడాలో తెలియట్లేదు, నేను ఇక్కడే ఉంటాను" అని, వచ్చినవాళ్ళకు టీలు, నీళ్ళు, కుర్చీల సంగతి చూసుకోండి.

క్షమాపణ గురించి విచారణ బ్రదర్ చెప్పినదానికి కొలత ఒకటి: ఎంతమంది ముందు అన్నారో అంతమంది ముందే వెనక్కి తీసుకోవాలి. గ్రూపులో అన్న మాటకు విడిగా ఫోను చేసి సారీ చెబితే, చదివిన మిగతావాళ్ళ దగ్గర ఆ మాట అలాగే నిలిచి ఉంటుంది. "ఎవరైనా నొచ్చుకుని ఉంటే" అని షరతు పెట్టకండి. "నిన్న ఫలానా వారి గురించి ఇక్కడ నేను రాసింది తప్పు, దానికి ఆధారం లేదు, ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను" అని రెండు వరసలు రాసి, కింద కారణాలు చేర్చకుండా ఆపేయండి.